మా బావకు అందని రెండో పట్టీ

మా బావ "లెఫ్ట్ టర్న్" అన్నాడు. పదకొండు మంది జవాన్లు ఎడమకు తిరిగారు. పన్నెండోవాడు కుడికి తిరిగాడు. బావ "మార్చ్" అన్నాడు. పదకొండు మంది మైదానం వైపూ, ఆ ఒక్కడూ వంటశాల వైపూ నడిచారు. గోడ అడ్డొచ్చాక వాడు అక్కడే నిలబడి కాళ్లు కదుపుతూ ఉండిపోయాడు. పరీక్షాధికారి "గొంతు చాలదు" అని రాసుకున్నాడు.

చొక్కా చేతిమీద రెండో పట్టీ కోసం, అంటే ప్రమోషన్ కోసం, బావ ఇచ్చిన మొదటి పరీక్ష అది. ఏడాదికి ఒక్కటే ఖాళీ. పోటీపడేవాళ్లే వంతులవారీగా ఆజ్ఞలివ్వాలి, తక్కినవాళ్లు వరసలో నిలబడాలి. పన్నెండోవాడు బారక్‌లో బావ పక్క మంచంవాడే, ప్రాణస్నేహితుడు.

"నీ గొంతు నాదాకా రాలేదురా, ఏమనుకోకు" అని వాడు ఎంత బాధపడ్డాడంటే, చివరికి బావే వాణ్ని ఓదార్చాల్సి వచ్చింది.

ఆనాటి నుంచి దళంలో బావ పేరు 'మైకు'. నొచ్చుకుంటూ కూర్చోలేదు. వారం సెలవుకు ఇంటికొచ్చినప్పుడల్లా మా అక్కను డాబా ఎక్కించి, తాను వీధిలో దూరంగా నిలబడి అరిచేవాడు. వినపడితే ఆవిడ తువ్వాలు ఊపాలి. వారానికి పది అడుగులు వెనక్కి. ప్రమోషన్ తలచుకుంటే గుండె జారేది కానీ, పది అడుగులకు ఎవరు భయపడతారు?

"మీ ఆయనకేమైనా గాలి సోకిందా?" అంది పక్కింటావిడ.

"లేదొదినా, ప్రమోషన్ సోకింది" అంది అక్క.

ఆ తర్వాత మూడేళ్లు, మూడు పరీక్షలు. ప్రతిసారీ ఆ ఒక్కడికే వినపడలేదు. మూడోసారి పట్టీ వాడికే వచ్చింది. టీ పార్టీలో వాడు బావ వీపు చరిచాడు.

"ఒరేయ్ మైకూ, ఇప్పుడు చెప్పొచ్చులే. నీ గొంతు మొదటిరోజే గేటు దాకా వినపడిందిరా. నేనే కావాలని తిరిగా. నాకూ పెళ్లాం పిల్లలున్నారుగా!"

అందరూ నవ్వారు. బావ టీ పూర్తిగా తాగి, కప్పు జాగ్రత్తగా పెట్టి ఇంటికొచ్చాడు. రెండు రోజులు ముద్ద దిగలేదు. పట్టీ పోయినందుకు కాదు. గొంతు బాగుపడాలని మూడేళ్లూ ఉప్పునీళ్ల గ్లాసు అందించింది వాడి చెయ్యే.

మూడోనాడు బావ మళ్లీ దరఖాస్తు తెచ్చుకుని కూర్చున్నాడు. అక్క భగ్గుమంది.

"మూడేళ్లు ఎండలో నాచేత తువ్వాలు ఊపించారు. అంత మోసం జరిగాక మళ్లీ అదే పరీక్షా? పౌరుషం లేదుటండీ మీకు?"

బావ కాగితం మీంచి తలెత్తలేదు.

"ఈసారి వరసలో వాడుండడుగా!"