గోల లేని ద్వీపం

కంప్యూటర్ల వైటూకే (Y2K) హడావుడి ముగిశాక మెల్‌బోర్న్ ఆఫీసులో నాకు సెలవు దొరికింది. గ్రీసు వెళ్దామనుకున్నాను, కానీ టూరిస్టుల రద్దీ నాకు పడదు. మా వీధి చివర కాఫీ షాపు నడిపే గ్రీకు పెద్దాయనను అడిగాను.

"అంకుల్, గోల లేని ద్వీపం ఏదైనా ఉంటే చెప్పండి."

"మాదే ఉంది. అక్కడిప్పుడు పిల్లి అరిచినా ఊరంతా వినిపిస్తుంది."

"మరి మీ ఊరివాళ్లంతా ఏమయ్యారు?"

మూల బల్ల దగ్గర పేకాడుతూ, గొంతు చించుకుని పోట్లాడుకుంటున్న ముసలివాళ్లను చూపించాడు. "మా వీధి వీధంతా అదిగో, అక్కడుంది."

అయితే అక్కడికే వెళ్తానన్నాను. ఆయన తుడుస్తున్న కప్పు పక్కన పెట్టాడు.

"వెళ్లు. మా వీధిలోకి వెళ్లినప్పుడు మాత్రం కాస్త గట్టిగా మాట్లాడు," అన్నాడు.