నా ఇంగ్లీషుకు చిక్కిన మామిడికాయలు

ట్రాక్టరు నిండా ఉన్న తోతాపురి కాయల్ని ఎండలో మాడ్చడానికి కరువూ తుఫానూ అక్కర్లేదు, నా ఇంగ్లీషు చాలు. నమ్మరా? అయితే వినండి.

అప్పుడు నేను చిత్తూరులో శారదమ్మ అనే లాయరు దగ్గర కొత్తగా చేరిన జూనియర్ని. నల్లకోటు ఇంకా ఒక్కసారి కూడా ఉతుక్కి పడలేదు. కాంట్రాక్టు ఇంగ్లీషులో మాటకూ మాటకూ మధ్య చిన్న గీత పెట్టి కలిపితే వచ్చే దర్జా చూసి మనసు పారేసుకున్నాను. ‘నాన్’, ‘అన్’, ‘నాట్’ లేకపోతే అది ఇంగ్లీషే కాదని నా నమ్మకం.

ఒకరోజు మేడం బంధువుల పెళ్లికని తిరుపతికి బయల్దేరుతూ, "పూతలపట్టు నుంచి రెడ్డెప్ప అనే రైతు వస్తాడు. గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు మునస్వామితో ఒప్పందం. తొక్క మీద మచ్చలున్న కాయ తీసుకుంటారు, కుళ్లిన కాయ తీసుకోరు. అంతే. రెండు ముక్కలు రాసి సంతకాలు పెట్టించు" అన్నారు.

రెండు ముక్కలా! నేనా! "స్కిన్-స్పాటెడ్-బట్-నాట్-అన్‌సౌండ్ ఫ్రూట్ షల్ నాట్ బి నాన్-యాక్సెప్టబుల్ అన్‌లెస్ నాట్ అన్-రాటెన్" అని మొదలుపెట్టి పేజీన్నర నింపాను. రెడ్డెప్పనూ మునస్వామినీ కూర్చోబెట్టి గొంతు సవరించుకుని చదివాను.

"అబ్బా, ఏం ఇంగ్లీషప్పా! యాడా ఆగకుండా పోతా ఉండాది!" అన్నాడు రెడ్డెప్ప.

"హైకోర్టులో గూడా ఇట్లాంటిది ఉండదు" అన్నాడు మునస్వామి, తనకేం తక్కువన్నట్టు.

అర్థమేమిటని ఇద్దరిలో ఒక్కరూ అడక్కుండానే సంతకాలు పెట్టేశారు. అడిగి ఉంటే నా పని అప్పుడే అయిపోయేది.

సీజన్ వచ్చింది. వానలకు కాయల మీద మచ్చలు పడ్డాయి. రెడ్డెప్ప ఫోను చేశాడు.

"అప్పా, కాయలు ఫ్యాక్టరీ గేటు కాడ ఎండలో ఉండాయి. మునస్వామన్న లోపలికి పోనీడం లేదు. ఏడాదంతా కాపాడుకున్న కాపబ్బా! నువ్వు రాసిందేందో వచ్చి చెప్పు!"

బైకేసుకుని ఫ్యాక్టరీకి పరుగెత్తాను. కాగితం తీసి చదివాను.

"తీసుకోవాలి" అన్నాను.

"ఇంకోసారి సదువు" అన్నాడు మునస్వామి.

చదివాను. "తీసుకోకూడదు."

"ఇదేందబ్బా! రాసింది నువ్వే గదా?"

మూడోసారి వేలు పెట్టుకుని చదివాను. "తీసుకోకుండా ఉండకూడదని... అనలేం" అన్నాను.

రెడ్డెప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు తల తీసేసినట్టయింది. మేడంకు ఫోను చేశాను.

ఆమె వచ్చి కాగితం చివరిదాకా చదివి, మడిచి సంచిలో పెట్టుకున్నారు. నా వైపు కూడా చూడలేదు.

"మునస్వామీ, ఆ పొద్దు మీరిద్దరూ నోటితో ఏమనుకున్నారు?"

"మచ్చ కాయ తీసుకుంటా, కుళ్లింది వద్దు అన్నాను మేడం."

"మరి ఎందుకు ఆపినావు?"

"అంత ఇంగ్లీషులో మేమనుకున్నది ఒక్కటే ఉంటాదా మేడం? ఇంకేదన్నా ఉంటే నన్ను లోపలేస్తారేమోనని భయపడినా."

అని తనే వెళ్లి గేటు తెరిచాడు. మాట తప్పాలనుకునేవాడికి నా కాగితంలో కావలసినన్ని సందులున్నాయి. ఆ పెద్దమనిషి ఒక్కదాంట్లోకీ దూరలేదు. ఆ రోజు నుంచీ ఆయనంటే నాకు గౌరవం.

మేడం సంగతి ఇక చెప్పేదేముంది! అక్కడే కారు బానెట్ మీద కాగితం పెట్టి తెలుగులో మూడు వరుసలు రాశారు. అంత చక్కటి ఒప్పందాన్ని నేనింతవరకూ చూడలేదు.

రెడ్డెప్ప దాన్ని చదివాడు. తిప్పి వెనకవైపు చూశాడు. మొహం చిన్నబోయింది.

"ఏమప్పా, తప్పుందా?" అన్నారు మేడం.

"తప్పేం లేదమ్మా. కానీ నాకే అర్థమైపోతా ఉండాదే! దీన్ని అగ్రిమెంటంటే ఊర్లో ఎవురు నమ్ముతారు?"

ఆ సాయంత్రమే కాణిపాకం వెళ్లాను. అక్కడి వినాయకుడి ముందు తప్పుడు ప్రమాణం చేయాలంటే మా జిల్లాలో దొంగలు కూడా జంకుతారు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో నిలబడి చేతులు జోడించాను: "స్వామీ, ఇకమీదట నేను రాసిన కాగితం విని ఎవరైనా ‘ఆహా’ అంటే అక్కడికక్కడే చింపేస్తాను. ‘సరే’ అంటేనే సంతకం పెట్టిస్తాను."