గేటు కాటా దగ్గర రెజీనా

రెజీనాను దొంగ అన్నది 2006 ఎండాకాలంలో, పట్టపగలు, లైన్లో నిలబడిన లారీ డ్రైవర్లందరి ముందు.

బళ్లారి సత్యనారాయణపేట అమ్మాయి. రూపనగుడి దారిలో ఇనుప ఖనిజం యార్డులో కంప్యూటర్ మీద లారీలు తూచే పని ఆమెది. యార్డులో రెండు కాటాలు: లోపల పాతది, గేటు దగ్గర కొత్తది. లోపల తూచిన లారీయే గేటు దగ్గరికొచ్చేసరికి టన్నో రెండు టన్నులో తేడా చూపేది.

"ఖనిజం యాడికి పోతాండాది? ఏ డ్రైవర్‌తో కుమ్మక్కైనావు?" అంటూ మేనేజరు సుబ్బరామి ఆమె సంచి లాక్కుని కుమ్మరించాడు. టిఫిను డబ్బా తెరుచుకుని అన్నం ఎర్రమట్టిలో పడింది. డ్రైవర్లు నవ్వారు.

"నేను తీయలేదు సార్. యంత్రంలోనే ఏదో ఉండాది."

"రేపట్నించి రావద్దు. పో!"

ఇంటికొచ్చి తల్లి రూతమ్మతో ఒకటే మాట అంది: "నేను దొంగను కాదని వాని నోటితోనే చెప్పిస్తామ్మా."

పేటలోనే కెన్నెత్ నడిపే కంప్యూటర్ రిపేరు అంగడిలో చేరింది. అక్కడే అసలు సంగతి తెలిసింది. ఏ యంత్రమైనా కంప్యూటర్‌తో మాట్లాడాలంటే మధ్యలో డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం ఉండాలి. దాన్ని ఏ కంపెనీ తీరులో ఆ కంపెనీ రాస్తుంది. రెండు కాటాల పుస్తకాలూ తెప్పించుకుని చదివింది. పాతదాని డ్రైవర్ లారీ కుదురుకునేదాకా ఆగి బరువు చెబుతుంది. కొత్తదాని డ్రైవర్, లారీ ఊగుతున్నా సరే, అడిగిన క్షణాన ఉన్న అంకె ఇచ్చేస్తుంది. కుదురుకుందా అని దాన్ని వేరుగా అడగాలి. యార్డు ప్రోగ్రాం ఆ మాట అడగనే అడగదు.

"పోయి చెప్పొచ్చు కదమ్మా," అన్నాడు కెన్నెత్.

"వద్దన్నా. వాడే రావల్ల."

ఏడు నెలలు కాచుకుంది. ఆమె పోయినా తేడా ఆగలేదు. యజమాని ఇప్పుడు సుబ్బరామినే అనుమానించాడు. అతను భయపడి, కంప్యూటర్ చూసేదానికి మనిషిని పంపమని కెన్నెత్ అంగడికి ఫోన్ చేశాడు. యార్డులో దిగిన రెజీనాను చూసి అతని ముఖం మాడిపోయింది.

యజమానిని పిలిపించి, ఖనిజం నిండిన లారీని కొత్త కాటా ఎక్కించమంది. అది ఇంకా ఊగుతుండగానే మూడుసార్లు తూచింది. ఒకే లారీకి మూడు బరువులు వచ్చాయి.

"బాగు చేస్తావా?" అన్నాడు సుబ్బరామి.

"చేస్తా సార్. ముందు నేను దొంగను కాదని డ్రైవర్లకు చెప్పండి."

"లోపల చెప్తా, రామ్మా."

"నన్ను అనింది లోపల కాదు గదా."

అతను గొణిగాడు. "వినపడలే," అంది. మళ్లీ చెప్పాడు. "వెనక లారీవాళ్లకు వినపడలే," అంది. మూడోసారి గొంతు చించుకుని అరిచాడు. అప్పుడు కూర్చుని, గంటన్నరలో ప్రోగ్రాం సరిచేసింది.

ఇన్నాళ్లూ యంత్రాన్ని చూపించలేదని, వారం తిరక్కముందే యజమాని సుబ్బరామిని తీసేశాడు.

"పాపం, పిల్లలున్నోడు," అన్నాడు కెన్నెత్.

"తెల్సన్నా," అంది రెజీనా. జాలి మాత్రం రాలేదు.

తర్వాత ఒకసారి బస్టాండులో సుబ్బరామి బస్సు కిటికీ పక్కన కూర్చుని కనిపించాడు. ఆమెను చూసి తల తిప్పుకున్నాడు. బస్సు కదిలేదాకా ఆమె అక్కడే నిలబడి అతన్నే చూసింది.