తాళంలో నిచ్చెన

మా బాబాయి ఒక ఆఫీసులో ఎలక్ట్రీషియన్. ఆయన ఎక్కిన మెట్లన్నీ పేరిస్తే చంద్రుడి దాకా వెళ్లి రావచ్చు. మూడేళ్ల కిందట మేనేజరు, భద్రతా నియమాలు ఒప్పుకోవంటూ నిచ్చెనను గదిలో పెట్టి తాళం వేశాడు. అప్పటి నుంచి బాబాయి బల్ల మీద కుర్చీ వేసుకుని, దాని మీదెక్కి బల్బులు మారుస్తున్నాడు.

మొన్న తనిఖీకి వచ్చినావిడ అది చూసి హడలిపోయింది.

“దిగండి పెద్దాయనా! నిచ్చెన ఏదీ?”

“నిషేధమట కదమ్మా.”

“ఎవరన్నారు? నిచ్చెనను కింద ఒకరు పట్టుకోవాలి, నియమం అంతే!”

ఆవిడ వెంట వచ్చిన మేనేజరు తల గోక్కున్నాడు. “అన్ని పేజీలు ఎవరు చదువుతారండీ?”

ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నేనైతే ఒక్క గుక్కలో చదివేసేవాణ్ణి, అడిగితేగా!

బాబాయి మెల్లగా దిగి మోకాలు రుద్దుకున్నాడు.

“అయితే నిచ్చెన తెచ్చి పట్టుకోండి సార్. ఇంకా పదకొండు బల్బులున్నాయి.”