పెంకుల బాబాయి ప్రశ్న

మా పురావస్తు సంఘంలో పెంకుల బాబాయికి ఒకటే జబ్బు. అతిథి ఉపన్యాసం ముగిసి "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అనడమే ఆలస్యం, సంచిలోంచి కాగితంలో చుట్టిన కుండపెంకు తీసి, "అయ్యా, ఇది ఏ కాలానిదో కాస్త చెబుతారా?" అంటాడు. మూడేళ్ళుగా నెలనెలా అదే సంచి, అదే ప్రశ్న. పెంకు మాత్రం కొత్తది.

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ రోజుల్లో టికెట్టు లేనివాణ్ణయినా దయతలచి వదిలేశాడేమో గానీ, ఇప్పుడు పెంకు చూడని అతిథిని మాత్రం మెట్లు దిగనివ్వడు.

మా సంఘం గ్రంథాలయం మేడమీద కూడుతుంది. హాజరు పదకొండు మంది. అందులో ఇద్దరు ఫ్యాను కోసం వస్తారు. అతిథిని పరిచయం చేయడానికి అధ్యక్షుడికి ముప్పావు గంట పడుతుంది. చచ్చిన రాజుల తాతముత్తాతల పేర్లు మాకు కంఠతా వచ్చు. తవ్వకాల్లో తట్ట మోసినవాళ్ళ పేరు ఒక్కటి చెప్పమంటే నీళ్ళు నములుతాం.

బాబాయి పెంకు చూసి ఒక ఆచార్యుడు "వెయ్యేళ్ళు" అన్నాడు. ఇంకొకాయన కళ్ళజోడు మార్చి "పదిహేను వందలకు తగ్గదు" అన్నాడు. వేలంపాటలా ఉండేది వ్యవహారం. చివరికి మా అధ్యక్షుడు "రెండు వేలు!" అని పాట కొట్టేసి, ఒక పెంకును గాజు బీరువాలో పెట్టించి, చీటీ కూడా అంటించాడు.

పోయిన నెల ఉపన్యాసం పెంకులు కడిగే ఆవిడది. పన్నెండేళ్ళుగా తవ్వకాల దగ్గర నీళ్ళతొట్టి ముందు కూర్చుని పెంకులు కడిగి, ఏరి, వేరుచేసే మనిషి. వచ్చే తవ్వకంలో ఆ పని చూడటానికి మా సంఘం ఒకరిని పంపాలి. అధ్యక్షుడు తన మేనల్లుడి పేరు చెప్పాడు. నేను గొడవపడితే, "సరే, ఆవిణ్ణొచ్చి మాట్లాడమనండి. సభ్యులు మెచ్చితే ఉద్యోగం ఆవిడదే" అన్నాడు. మెచ్చరని ధీమా.

ఆవిడ పావుగంట మాట్లాడింది. ఒక్కరూ ప్రశ్న వేయలేదు. బాబాయి చెయ్యి సంచిలోకి వెళ్ళేలోపు అధ్యక్షుడు బీరువా తెరిచాడు.

"ఇవాళ ఆ ప్రశ్న నేనడుగుతా. ఇదేంటో చెప్పమ్మా!"

ఆవిడ పెంకును తిప్పి చూసింది. విరిగిన అంచు మీద గోటితో గీసి, వాసన చూసింది.

"మంచినీళ్ళ కుండండీ. పగిలి నాలుగేళ్ళు కూడా అయ్యుండదు."

"చీటీ చూడలేదా? రెండు వేల ఏళ్ళు!"

"చీటీకి ఉన్నాయేమోనండీ, పెంకుకి లేవు."

"చూశారా! చదువులేనివాళ్ళని పిలిస్తే ఇంతే. ఇక మా మేనల్లుణ్ణి..."

బాబాయి లేచాడు. టికెట్టు లేకుండా దొరికిపోయిన ప్రయాణికుడిలా ఉంది ముఖం. సంచిలోని పెంకు తీసి, ఆవిడ చేతిలోని పెంకు పక్కన ఆనించాడు. రెండూ అతికినట్టు కలిసిపోయాయి.

"ఆవిడ చెప్పిందే నిజమండీ. మా ఇంటి కుండే."

"ఏమయ్యా, మూడేళ్ళుగా మమ్మల్ని వెధవల్ని చేశావా?"

"అయ్యో, నేను అడిగానంతే. ఏళ్ళన్నీ మీరే వేశారు."

ఉద్యోగం ఎవరికని చేతులెత్తమంటే ఆవిడకే పడ్డాయి. మేనల్లుడు కూడా ఎత్తాడు.

మర్నాడు సాయంత్రం బాబాయి ఇంటికెళ్ళి ఆయన భార్యను అడిగాను. "ఇంతకీ కుండ ఎలా పగిలింది పిన్నీ?"

"పగలడమేంటి? ఈయనే పగలగొట్టారు! మూడేళ్ళ కిందట ఎవరో అమ్మాయి అంత దూరం నుంచొచ్చి మాట్లాడితే ఒక్కరూ నోరెత్తలేదట. ఆ పిల్ల ఏడుపు దిగమింగుకుని కాగితాలు సర్దుకుందని ఈయన భోజనం మానేశారు. మర్నాడు సుత్తి పట్టుకుని నా కుండ మీద పడ్డారు."

ఆ రోజు నాకూ గుర్తుంది. నేను గడియారం చూసుకుంటున్నాను.

"మంచి ప్రశ్న వేసే చదువు నాకేదమ్మా?" అన్నాడు బాబాయి. "చేతిలో ఏదో ఒకటి పెడితే వాళ్ళే చెప్పుకుంటారు కదా, పాపం."

"ఇప్పుడు కుండ సంగతి అందరికీ తెలిసిపోయిందిగా బాబాయ్? వచ్చే నెల ఏం చేస్తావు?"

ఆయన సంచి కుర్చీ కిందికి నెట్టాడు.

"నేనూ అదే చూస్తున్నా," అంది పిన్ని. "పొద్దుట్నించీ నా పూలకుండీ కనిపించడం లేదు."