గొంతు నొప్పిని దుమ్ము మీదికి తోసేశాం

ఆ ఆదివారం నా చెయ్యి నా మాట వినలేదు. హనుమకొండలో షహనాజ్ ఆపా వాళ్ల డాబా మీద కూర్చుని పెటూనియా విత్తనాలు వేస్తున్నాం. గసగసాల కన్నా సన్నగా ఉంటాయవి. తడిపిన పుల్ల కొసతో ఒక్కొక్కటే ఎత్తి ట్రేలో గుంటకొకటి పెట్టాలి. నేను పెట్టబోతే పుల్ల వణికి ఒక గుంటలో నాలుగు పడ్డాయి, పక్క గుంటలో ఏమీ లేదు. కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకున్నాను. ఎడంచెయ్యి కూడా వణుకుతోంది.

"పొద్దుగాల ఏం తినలేదా అక్కా?" అంది పక్కనే కూర్చున్న కళావతి.

తినకపోవడమేం, కడుపునిండా ఇడ్లీలు తిని, దారిలో మళ్లీ ఆకలేసి ఆటో ఆపించి మిరపకాయ బజ్జీలు కూడా తిన్నాను. ఆ సంగతి చెప్పుకోలేక "ఏం లేదే, చలి" అన్నాను. చలా నా బొందా! చెమటతో జాకెట్టు వీపుకి అంటుకుపోయి ఉంది.

మేము మొక్కల పిచ్చి ఉన్న కొందరు ఆడవాళ్లం. నెలకో ఆదివారం, మా అందరికీ పెద్దక్క లాంటి ఆపా డాబా మీద కలుస్తాం. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు, వేపపిండి అంతా ఒకటే కుప్పగా కలుపుతాం. ఎవరింటి విత్తనాలు, ఎవరింటి కొమ్మలు వాళ్లు తెస్తారు. కవర్లలో నాటి, పోయేటప్పుడు అందరం పంచుకుంటాం. మాలో ఒక అలవాటుంది. ఆ రోజు మొదటి కొమ్మ నేనే నాటాలి. స్వరూప చెయ్యి మంచిది, ఆమె పెడితే ఎండుపుల్లయినా చిగురేస్తుందని నాకు పేరు. మా ఆయన సదానందం, నేను కాలేజీ దగ్గర జిరాక్స్ షాపు నడుపుతాం. అక్కడ నా చేతిని మెచ్చుకున్నవాడు లేడు. డాబా మీద మాత్రం అది నాకు పెద్ద పదవి. ఎందుకింతగా చెబుతున్నానంటే, ఆ పదవి కోసమే నేను చావు దాకా పోయొచ్చాను.

విత్తనాలు వేసిన ఆ ఆదివారం నుంచి ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోయాను. వంటింట్లో ఉంటే షాపు మీద మనసు, షాపులో ఉంటే మొక్కల మీద మనసు. గల్లా ముందు ఊరికే కూర్చున్నా గుండె పరుగెత్తి వచ్చినట్టు కొట్టుకునేది. ఫ్యాను ఫుల్లులో పెడితే మా ఆయన దుప్పటి కప్పుకునేవాడు. "ఏమే, ఇల్లంత గిట్ల తిరుగుడేంది? జర ఒక్క కాడ కూసోరాదు!" అని విసుక్కునేవాడు. నేను అంతకు రెండింతలు విసుక్కునేదాన్ని. నిద్ర లేదు. కస్టమరు రెండో కాపీ అడిగితే కొట్టాలనిపించేది.

అన్నిటికన్నా విడ్డూరం కొమ్మలతో చేసిన పని. గులాబీ కొమ్మ నాటాక కొత్త చిగురు వచ్చేదాకా కదపకూడదు. కదిపిన వాళ్లని అందరిలో తిట్టేది నేనే. అలాంటిదాన్ని, రోజూ పొద్దున్నే కొమ్మలన్నీ పీకి వేరొచ్చిందా లేదా అని చూసి మళ్లీ గుచ్చేదాన్ని. ఆగలేకపోయేదాన్ని, అంతే. అవన్నీ నల్లబడి చచ్చిపోయాయి. ఆపాకి ఫోన్ చేసి "నీ మట్టిలనే ఏదో లోపమున్నది" అని గొడవేసుకున్నాను. పాపం ఆపా "గట్లనా స్వరూపా, ఈసారి మట్టి మారుస్త తీ" అంది.

జాకెట్లు వదులయ్యాయి. డాబా మీద అందరూ "సన్నవడ్డవ్, ఏం డైట్ జేత్తానవ్?" అని ముచ్చటపడ్డారు. నేనూ ముచ్చటపడ్డాను.

వీధి చివర క్లినిక్‌లో చూపించుకున్నాను. బీపీ చూశారు, ఈసీజీ తీశారు. "మెనోపాజ్ టైం కదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని నిద్రకి టాబ్లెట్ రాసిచ్చారు. నిద్ర రాలేదు గానీ, నాకున్నది టెన్షనే అన్న ధైర్యం వచ్చింది. ఇంకొన్నాళ్లు అలాగే లాగించాను. చివరికి షాపులో మెట్టెక్కుతూ తొడల్లో బలం లేక కూలబడితే, మా ఆయన నా మాట వినకుండా పెద్ద డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆవిడ నా కళ్ల వైపు కాసేపు చూసి "చేతులు ముందుకు చాపండి" అన్నారు. వేళ్ల మీద ఒక తెల్లకాగితం పెట్టారు. కాగితం గాలికి ఊగినట్టు ఊగింది. గదిలో గాలి లేదు. టీఎస్‌హెచ్, టీత్రీ, టీఫోర్ రక్తపరీక్షలు రాశారు. తర్వాత స్కాన్. "గ్రేవ్స్ డిసీజ్. మీ థైరాయిడ్ ఆగకుండా పనిచేస్తోంది. తప్పు మీ బుద్ధిది కాదమ్మా, హార్మోన్‌ది" అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. పిచ్చెక్కుతోందేమో అని నాకు లోపల ఎప్పటినుంచో భయంగా ఉండేది.

కార్బిమజోల్, వణుకు తగ్గడానికి ప్రొప్రనొలాల్ ఇచ్చారు. "ఒక్క మాట. ఇది వాడేటప్పుడు గొంతు నొప్పి గానీ, జ్వరం గానీ వస్తే టాబ్లెట్ ఆపేసి అదే రోజు వచ్చి సీబీసీ, అంటే రక్తకణాల పరీక్ష, చేయించుకోవాలి. అరుదుగా వస్తుంది, కానీ వస్తే ప్రమాదం" అన్నారు. నేను బాగా తలూపాను. ఊపుతూనే షాపులో మెషీన్ ఆఫ్ చేశానో లేదో అని ఆలోచిస్తున్నాను. మా ఆయన అప్పటికే మందుల షాపు లైన్లో నిలబడ్డానికి బయటికి వెళ్లిపోయాడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

బయటికి రాగానే మా ఆయనతో ఒట్టేయించుకున్నాను, డాబా మీద ఎవరికీ తెలియకూడదని. "దాసిపెట్టుడెందుకే? చెప్తె ఏమైతది?" అన్నాడు. ఏమవుతుందా? జబ్బు మనిషి చేత్తో మొదటి కొమ్మ ఎవరు పెట్టించుకుంటారు? ఆ పని కళావతికి ఇచ్చేస్తారు. ఇంత వయసొచ్చి ఇదేం పంతమని మీకు నవ్వొస్తుంది. నాకు మాత్రం అప్పుడు అదే ప్రాణంలా అనిపించింది.

కొన్ని వారాల్లో గుండె నెమ్మదించింది. చెయ్యి దాదాపు నిలిచింది. ఆ తర్వాత ఆదివారం నేను హుషారుగా వెళ్లి మట్టి కలపడంలో అందరికన్నా ముందు దూకాను. ఎదురుగాలి. వేపపిండి, ఎండిన కొబ్బరి పొట్టు లేచి మొహాలన్నీ దుమ్ముకొట్టుకుపోయాయి. అందరం దగ్గాం, నవ్వుకున్నాం. సాయంత్రానికి నా గొంతు పట్టేసింది.

మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వెంటనే "నాకు సుత గరగరనే", "వేపపిండి దెబ్బ", "ఉప్పునీళ్లు పుక్కిలించు", "తులసి కషాయం తాగు" అని వచ్చాయి. మట్టి కలిపిన రోజు మాకిది మామూలే. అందరి గొంతులూ నొస్తుంటే నాది వేరే నొప్పి అని ఎవరనుకుంటారు? నేనూ అనుకోలేదు. కషాయం తాగాను. టాబ్లెట్ కూడా క్రమం తప్పకుండా మింగాను.

మర్నాటికి ఉమ్మి మింగలేకపోయాను. నోటినిండా పుండ్లు. ఆ పైన చలితో జ్వరం, మంచం ఊగేంత వణుకు. మా ఆయన కంగారుపడి ఆపాకి ఫోన్ చేస్తే ఆవిడ ఫ్లాస్కులో జోషాందా కాచి తెచ్చింది. వాళ్లింట్లో జలుబుకి అదే మందు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి ఫ్లాస్కు పక్కన పడేసింది. "అరే సదానందం, దుమ్ముకు గింత జ్వరమొస్తదా? ఆటో పిలువు. దవాఖానకు పోదాం."

ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు గొంతులోకి లైటు వేసి చూశాడు. "ఇంట్లో రోజూ ఏమైనా టాబ్లెట్స్ వాడతారా?" అనడిగాడు. ఆపా పక్కనే నా చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. "ఏం వాడదు, మంచిగనే ఉంటది" అని నా బదులు ఆవిడే చెప్పేసింది. మా ఆయన నా మొహం చూశాడు, ఒట్టు వేశాడు కదా. అంత జ్వరంలోనూ నా బుర్ర ఏం లెక్క వేసిందో తెలుసా? ఇప్పుడు చెబితే డాబా మొత్తానికి తెలిసిపోతుంది అని. అప్పుడే గొంతులో ఏదో అడ్డం పడి ఊపిరి ఆడలేదు. భయంతో నోరు దానంతటదే తెరుచుకుంది. "థైరాయిడ్‌కి... కార్బిమజోల్" అన్నాను.

డాక్టరు రాస్తున్నది ఆపేశాడు. "సీబీసీ అర్జెంట్!" అని కేకేశాడు.

రిపోర్టులో తెల్లకణాలు అడుగంటాయి. రోగంతో పోరాడే న్యూట్రోఫిల్స్ లేనట్టే లెక్క. "అగ్రాన్యులోసైటోసిస్. టాబ్లెట్ వల్ల వచ్చింది. ఇంకో రోజు ఆలస్యం చేస్తే చెప్పలేం" అని మా ఆయనతో అన్నారు. ఆయన గోడకి ఆనుకుని అక్కడే కూర్చుండిపోయాడు. నన్ను విడిగా ఒక గదిలో పెట్టారు. సెలైన్లో యాంటీబయాటిక్స్, కణాలు పెరగడానికి బొడ్డు పక్కన ఇంజెక్షన్లు. కార్బిమజోల్ ఆగడంతో వణుకు, గుండెదడ మళ్లీ లేచాయి. మంచం దిగనివ్వరు, నాకేమో కాలు నిలవదు. పడుకుని పాదాలతో దుప్పటిని తన్నుతూ ఉండేదాన్ని. రోజూ పొద్దున రక్తం తీసేవాళ్లు. "పెరిగినయా సిస్టర్?" "ఇంకా లేదమ్మా." ఆ "ఇంకా లేదు" వినడం కోసమే తెల్లవారేది.

కళావతి, మిగతావాళ్లు చిగురేసిన గులాబీ కుండీ మోసుకొచ్చారు. సిస్టరమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "మట్టి లోపటికి వద్దమ్మా, ఆమెకు ఇన్ఫెక్షన్ వస్తది." అద్దం అవతల కుండీ పట్టుకుని వాళ్లు, ఇవతల నేను. జీవితంలో మొదటిసారి మట్టిని చూసి భయపడ్డాను.

మాస్కు కట్టుకుని ఆపా ఒక్కతే లోపలికి వచ్చింది. నేనే చెప్పాను, ఎందుకు దాచానో. ఓదారుస్తుందనుకున్నాను. ఆవిడ కోపంతో ఊగిపోయింది. "మాకు నీ చెయ్యి గావాలె గని నువ్వు వద్దనుకున్నవా? గా కొమ్మ బతుకుతె ఎంత, సస్తె ఎంత! నువ్వు సస్తె మేమేం జెయ్యాలె?" అని ఏడ్చింది. ఆవిడ కొంగు పట్టుకున్నాను.

ఒక పొద్దున సిస్టరమ్మ తలుపు తీస్తూనే "పెరిగినయమ్మా" అంది. కొద్దిరోజులకి ఇంటికి పంపారు. ఆ జాతి మందులు జన్మలో ముట్టకూడదని కాగితం మీద రాసిచ్చారు, అది నా పర్సులోనే ఉంటుంది. తర్వాత హైదరాబాద్‌లో థైరాయిడ్‌ని అణచడానికి రేడియో అయోడిన్ ఇచ్చారు. దాని తర్వాత కొన్నాళ్లు పిల్లలకీ, గర్భిణులకీ దూరంగా ఉండమన్నారు. నెలలు గడిచేసరికి థైరాయిడ్ పూర్తిగా చల్లబడింది. ఇప్పుడు కథ తిరగబడింది, బరువెక్కాను, బద్ధకం. జీవితాంతం రోజూ పరగడుపున థైరాక్సిన్ వేసుకోవాలి. వేసుకుంటున్నాను. ఒక్కచోట కూర్చోగలుగుతున్నాను. మా ఆయన నమ్మలేక అప్పుడప్పుడు తొంగిచూస్తాడు.

డాక్టరమ్మ ఒప్పుకున్నాక మాస్కు, గ్లౌజులతో డాబా ఎక్కాను. ఎవరూ మట్టి ముట్టకముందే ఆపా అందరి ముందూ చెప్పేసింది. "ఇనుండ్రి. స్వరూప పొద్దుగాల థైరాయిడ్ గోలి ఏసుకుంటది. పాత గోలి ఈమెకు పడదు. ఎన్నడన్న జ్వరమొస్తె కషాయం గిషాయం ఎవ్వలు చెప్పొద్దు." సిగ్గుతో తల దించుకున్నాను. అప్పుడు ఒకామె "నాకు షుగరున్నది, ఇన్సులిన్ తీసుకుంట" అంది. ఇంకొకామె రక్తం పలచబడే మందు వాడుతోందట. కత్తెర పట్టుకుని ముళ్ల కొమ్మలన్నీ కోసేది ఆవిడే! చివరికి కళావతి, ఇన్నేళ్లు నా పక్కనే కూర్చున్న కళావతి, మట్టిని వేళ్లతో పొడి చేస్తూ నెమ్మదిగా అంది: "నాకు చిన్నప్పటి సంది ఫిట్స్ ఉన్నయక్కా. గోలీలు వాడుతాన."

మాకు నీళ్లు పట్టడానికి ప్రతిసారీ నిచ్చెనెక్కి వాటర్ ట్యాంకు మీదికి పోయేది కళావతే.

నిచ్చెన ఆ రోజే తీసేయించాం. ఇది చదువుతున్న మీకు నేను చెప్పేది ఒక్కటే. మీరు రోజూ మింగే మందు పేరూ, దానితో ఏం వస్తే ప్రమాదమో డాక్టరు చెప్పిన ఆ మాటా, మీ పక్కన కూర్చునే మనిషికి చెప్పి పెట్టండి. ఈ రోజే చెప్పండి.