బండోని జోరు

కొత్తగా నౌకరీ దొరికిన ఆ రోజుల్లో మనిషికి లోకమంతా లెక్కలకు లొంగుతదనే ధైర్యం ఉంటది. నాకు జర ఎక్కువనే ఉండె. మహబూబ్‌నగర్‌ల ఒక చిన్న కాలేజీల ఫిజిక్స్ చెప్పేటోణ్ణి. మా ఆటల సార్‌ను అందరూ 'సీటీ సార్' అనేటోళ్లు (మెడల సీటీ, అంటె ఈల, లేకుండ ఆయన్ను చూసినోళ్లు లేరు, పెండ్లి దావత్‌కు గూడ అట్లనే వచ్చిండు). నల్లగొండతోని ఫుట్‌బాల్ మ్యాచ్ ముందట, ముందు వరుసల ఆడే పిల్లగాడు కాలు విరగ్గొట్టుకున్నడు. "పొడుగ్గ, సన్నగ ఉన్నోణ్ణి పెడ్త" అన్నడు సార్. "ఎంత జోరుగ ఉరికిండన్నది గాదు సార్, నిలబడ్డ కాడి నుంచి ఎంత జల్ది జోరందుకున్నడన్నది చూడాలె. దాన్నే త్వరణం అంటరు" అన్న నేను. "అది యాడ దొరుకుతది?" అన్నడాయన.

వీడియోల దొరుకుతదన్న. పెండ్లిళ్లకు వీడియో తీసే చాచాను బతిమిలాడి, ప్రాక్టీస్ మ్యాచ్ రోజు కాలేజీ మిద్దె ఎక్కించిన. గ్రౌండ్‌ల సమాన దూరంల సున్నం గీతలు కొట్టించి, "కెమెరా కదిలియ్యకు చాచా" అని మరీ మరీ చెప్పిన. పెండ్లి అలవాటు యాడికి పోతది? సరిగ్గ గోల్ పడేటప్పుడు కెమెరా ప్రిన్సిపాల్ మొఖం మీదికి పోయి, ఆయన ఆవులించేదాంక ఆడనే ఉన్నది. "పెద్దమనుషులను తియ్యకుంటే నారాజ్ అయితరు సార్" అన్నడు చాచా.

పనికొచ్చే ముక్క ఒక్కటి మిగిలింది. కిరాయి వీసీఆర్ తెచ్చి, ఇంటి ఓనరమ్మ టీవీల ఆ ముక్కను ఆపుకుంట ఆపుకుంట, ఒక్కొక్క పిల్లగాడు యాడికి చేరిండో అద్దం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతోని చుక్కలు పెట్టిన. చుక్కల నడుమ దూరం ఎంత జల్ది పెరిగితే మనిషి అంత జల్ది జోరందుకున్నట్టు. ఓనరమ్మ వచ్చి చూసి, "అయ్యో సార్, టీవీకి అమ్మవారు పోసిందా?" అన్నది.

అందరికంటె ముందు జోరందుకున్నది ఎవలనుకున్నరు? బండోడు! అంత లావు పిల్లగాడు, ఎప్పుడూ వెనుక వరుసల నిలబడేటోడు. సీటీ సార్ నవ్వాపుకోలేకపోయిండు. "వాడు బాల్ కోసం ఉరకలే సార్. గ్రౌండ్‌లకు బర్రె జొచ్చింది, దానికి భయపడి ఉరికిండు."

"దేనికైతేంది సార్, ఉరికిండు గదా!" అని నేను పట్టు పట్టిన. బండోణ్ణి పిలిచి చెప్తే, "నేనా సార్? ముందట్లనా?" అని నమ్మలేనట్టు చూసిండు. ఆ చూపు చూసినంక నాకు వెనుకకు తగ్గబుద్ధి గాలే.

నల్లగొండల మ్యాచ్ మొదలైంది. మావోళ్లు అలవాటు కొద్ది బాల్‌ను దూరం దూరం తంతున్నరు. బండోడు బాణం లెక్క లేస్తుండు, సగం దూరంల నడుం పట్టుకొని నిలబడుతుండు. జనం ఈలలు. నేను తల వంచుకొని కూసున్న. సగం ఆట అయినంక మాత్రం ఉరికిపోయి, "బాల్ దూరం కొట్టకుండ్రి, వాని కాళ్ల ముందటికి ఇయ్యుండ్రి" అన్న. సీటీ సార్ ఏమనుకున్నడో ఏమో, "గట్లనే చెయ్యుండ్రిరా" అన్నడు.

ఆట ఇంకొంచెంల అయిపోతదనంగ బాల్ బండోని ముందట పడ్డది. నాలుగంటె నాలుగు అంగలు! వాణ్ణి కాపు కాసే నల్లగొండ పిల్లగాడు మళ్లి చూసేసరికి బాల్ వలల ఉన్నది. అప్పటికే రెండు గోల్స్ తిన్నం గనుక ఓడిపోయినం, గని ఆ సంగతి మా బస్సుల ఎవలకూ యాదికి లేదు.

నార్కట్‌పల్లి కాడ చాయ్ తాగుతుంటె సీటీ సార్ మెల్లగ నా పక్కకొచ్చి, "నాది గూడ ఒకపారి లెక్క కట్టరాదుండ్రి సార్" అన్నడు. బస్సుల బండోడు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయిండు. భుజం తిమ్మిరెక్కినా నేను కదలలే. పాతికేండ్లు నిండని ఆ ఫిజిక్స్ సార్‌ను తలుసుకుంటె ఇప్పుడు నవ్వొస్తది. బర్రెకు భయపడి ఉరికిన ఒక్క ఉరుకును పట్టుకొని అంత గట్టిగ వాదించేటోణ్ణి, నాలో మళ్ల నేను చూడలే.